మెలోడీ పార్టీ చెవితో విన్న జిప్సీ అండ్ ద క్యాట్

ముందే చెప్పేస్తున్నా. ‘గిల్గమేష్’ డబ్బులు పెట్టి కొనుక్కోండి, ‘ద లేట్ బ్లూ’ రాత్రిపూట మంచి హెడ్‌ఫోన్లు తగిలించుకుని వినండి, ‘వర్చువల్ ఐలండ్స్’ జోలికి మాత్రం మొదటి రెండూ ఒంటబట్టాకే వెళ్లండి. జిప్సీ అండ్ ద క్యాట్ అనే ఆస్ట్రేలియా సింథ్-పాప్ (సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ కీబోర్డు శబ్దాల మీద నడిచే పాప్) బ్యాండ్ వదిలివెళ్లిన పెద్ద సరుకు ఈ మూడు ఆల్బమ్‌లే. 2010లో ఒకటి, 2012లో ఒకటి, 2016లో ఒకటి, అదే ఏడాది బ్యాండ్‌కి స్వస్తి. తెలుగులో వీళ్ల గురించి ఎవరైనా రాస్తారేమోనని చాలాకాలం చూశాను, నా కంట ఒక్కటీ పడలేదు, అందుకే నేనే రాస్తున్నా. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మెలోడీ పార్టీలో కీబోర్డు వాయిస్తాను. మెలోడీ అంటే ఆంధ్రా వైపు ఆర్కెస్ట్రా అంటారే, అదే. పెళ్లిళ్లు, దసరా, గణేష్ పందిళ్లు, అమ్మవారి సంబరాలు, ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్తాం. పాతపట్నం వైపు వేస్తే తెలుగు పాటలే అడుగుతారు, గుణుపురం దాటితే ఒడియా పాటలు ఎక్కువ, కాశీనగర్‌లో సగం సగం, మధ్యలో హిందీ ఎక్కడైనా నడుస్తుంది. ఇలాంటి పార్టీలో కీబోర్డు వాయించేవాడి మీద బరువు ఎక్కువ, ఎందుకంటే వయొలిన్లు, షెహనాయి, వీణ, ఫ్లూటు, కోరస్ ఆడపిల్లల గొంతులు అన్నీ ఆ ఒక్క స్టాండ్ మీంచే రావాలి. దాంతో ఏ పాట విన్నా ముందు మాట వినపడదు నాకు, టోన్ వినపడుతుంది, ఇది ఎలా కట్టారు, ఏ పొర మీద ఏ పొర వేశారు అని బుర్ర దానంతట అది లెక్క కట్టేస్తుంది. ఈ రివ్యూ కూడా ఆ చెవితో రాస్తున్నదే, సాహిత్యం కోసం వినేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుని చదవండి.

బ్యాండ్ అంటే ఇద్దరే. జేవియర్ బకాష్, లయొనెల్ టవర్స్. మెల్‌బోర్న్ కుర్రాళ్లు, బ్యాండ్ పెట్టకముందు డీజేలుగా పనిచేశారు. ఆ డీజే అలవాటు పాటల్లో తెలుస్తుంది, ఎక్కడ జనం కాళ్లు కదులుతాయో, ఎక్కడ డ్రమ్ము తీసేసి రెండు లైన్లు గాల్లో వదిలేయాలో వాళ్లకి బాగా తెలుసు. 

వీళ్లు వచ్చిన టైము కూడా మంచిది. ఆస్ట్రేలియాలో అప్పటికి సింథ్ పాటల గాలి గట్టిగా వీస్తోంది. 2008లో కట్ కాపీ అనే మెల్‌బోర్న్ బ్యాండ్ తెచ్చిన ‘ఇన్ ఘోస్ట్ కలర్స్’ అక్కడి చార్టుల్లో ఒకటో స్థానానికి వెళ్లింది, అదే ఏడాది ఎంపైర్ ఆఫ్ ద సన్ వాళ్ల ‘వాకింగ్ ఆన్ ఎ డ్రీమ్’ దేశదేశాలు తిరిగింది. సిడ్నీలో వ్యాన్ షీ, ద ప్రిసెట్స్, మెల్‌బోర్న్‌లో మిడ్‌నైట్ జగర్‌నాట్స్, మయామీ హారర్, ఇలా ఎటు చూసినా కీబోర్డులే. అసలు ఆ దేశానికీ కీబోర్డుకీ ఉన్న చుట్టరికం ఇంకా పాతది. బయటి శబ్దాన్ని పట్టి మెట్ల మీద వాయించుకునే శాంప్లర్ మిషన్లలో తొలితరానిది, ఫెయిర్‌లైట్ సీఎమ్‌ఐ, 1979లో సిడ్నీలోనే తయారైంది, పీటర్ వోగెల్, కిమ్ రైరీ అనే ఇద్దరు చేశారు. ఇవాళ మనం స్టేజి మీద ఒక బటన్ నొక్కి షెహనాయి పలికిస్తున్నామంటే ఆ దారి తొక్కిన తొలి మిషన్లలో అదొకటి. మా ఊళ్లో కీబోర్డు నేర్చుకునే పిల్లలందరికీ ఈ సంగతి చెబుతుంటాను.

సరే, ‘గిల్గమేష్’. పేరు మెసొపొటేమియా పురాణంలో చావు లేకుండా ఉండాలని వెతుక్కుంటూ వెళ్లిన రాజుది. పాటల పేర్లు కూడా ఆ వరసలోనే ఉంటాయి, ‘జోనా వార్క్’, ‘ద పైపర్స్ సాంగ్’, ‘రన్నింగ్ రోమియో’. పేర్లు చూసి బరువైన కథలు ఏవో ఉంటాయనుకోకండి, ఉన్నవన్నీ కుర్రవయసు ప్రేమ, బెంగ, ఎటైనా వెళ్లిపోవాలనే తహతహ. పాటలు వాళ్లే చేసుకుని, మిక్సింగ్ (విడివిడి శబ్దాల్ని తూకంగా కలిపే పని) మాత్రం డేవ్ ఫ్రిడ్‌మన్, రిచ్ కోస్టీ చేతుల్లో పెట్టారు. ఈ పేర్లు మామూలువి కావు. ఫ్రిడ్‌మన్ అంటే ద ఫ్లేమింగ్ లిప్స్, ఎమ్‌జీఎమ్‌టీ బ్యాండ్ల రికార్డుల వెనకున్న మనిషి, కోస్టీ మ్యూజ్ బ్యాండ్‌కి పనిచేసినవాడు. కొత్త కుర్రాళ్ల మొదటి ఆల్బమ్‌కి ఆ స్థాయి చేతులు పడ్డాయంటే వెనక సోనీ లాంటి పెద్ద రికార్డు కంపెనీ ఉండబట్టే.

ఆ తేడా ‘జోనా వార్క్’లో వినండి. కింద కదలకుండా బేస్ నడుస్తుంటుంది, దాని మీద సింథ్ చిన్నచిన్న ముక్కలుగా కొట్టుకుంటూ పోతుంది, ఆ పైన వెడల్పాటి ప్యాడ్ (వెనక పరుచుకుని ఆగకుండా సాగే మెత్తటి సింథ్ శబ్దం), అన్నిటికన్నా పైన గొంతులు. ఇన్ని పొరలున్నా ఏదీ ఇంకోదాని కాలు తొక్కదు. మేము స్టేజి మీద ఇదే పని చేయబోతే ఏమవుతుందో కీబోర్డు వాయించేవాళ్లకి తెలుసు, బేస్ గిటారూ ఎడమచేతి ప్యాడూ కలిసిపోయి బుడబుడమని ఒకటే రొద, సౌండ్ బాబు బేస్ తగ్గిస్తాడు, పాట పలచబడిపోతుంది. వీళ్లేం చేశారంటే, ప్యాడ్‌లో కింది సగాన్ని కోసేశారు. ప్యాడ్ ఒక్కదాన్నే వింటే పేలవంగా ఉంటుందేమో, కానీ బేస్‌తో కలిపితే నిండుగా ఉంటుంది. నేను దీన్ని నా కీబోర్డులో పెట్టి చూశాను, స్ట్రింగ్స్ టోన్‌కి లో-కట్ (కింది శబ్దాల్ని కోసేసే సెట్టింగ్) వేసి, కోరస్ ఎఫెక్ట్ కాస్త పెంచి, ఎడమచేతిని పూర్తిగా తీసేసి కుడిచేత్తో మూడు మెట్లే పట్టుకున్నాను. మా బేస్ అతను వెంటనే తలెత్తి చూశాడు, “భాయినా, ఇవాళ నా బేస్ నాకు వినబడుతోంది” అన్నాడు. ఇప్పుడు అన్ని ప్రోగ్రాముల్లోనూ అలాగే వాయిస్తున్నా. ఒక ఆల్బమ్ కొన్న డబ్బులు నాకు అక్కడే వచ్చేశాయి.

కోరస్ ఎఫెక్ట్ సంగతి తెలియని వాళ్లకి ఒక్క మాట. 1980ల మొదట్లో రోలాండ్ జూనో లాంటి సింథ్‌లలో ఈ బటన్ ఉండేది. ఒకే శబ్దానికి నకలు తీసి, దాన్ని వెంట్రుకవాసి ఆలస్యంగా, శ్రుతి అటూఇటూ కొంచెం ఊగేలా అసలు శబ్దం పక్కనే వినిపిస్తుంది. ఒక వయొలిన్ పది వయొలిన్లయినట్టు, ఎడమకీ కుడికీ పరుచుకున్నట్టు అనిపిస్తుంది. 80ల చివర్లో మన సినిమా పాటల్లో ప్రేమ సీను రాగానే వెనక ఒక మెత్తటి పొగమంచులాంటి శబ్దం పరుచుకునేది చూడండి, దాదాపు అదే బాపతు. జిప్సీ అండ్ ద క్యాట్ ఆల్బమ్ మొదటిసారి వింటే మనకి పరాయిగా అనిపించకపోవడానికి కారణం ఇదే అని నా నమ్మకం. ఆ కాలం పాటలు చెవిలో పోసుకుని పెరిగిన తెలుగువాళ్లకి ఈ టోన్లు ఎప్పుడో పరిచయం, మాట ఒక్కటే ఇంగ్లీషు.

ఇంక గొంతు. ‘టైమ్ టు వాండర్’ వినండి, ఆ పాట నిలబడేదే పైస్థాయిలో సాగే ఆ ఫాల్సెట్టో గొంతు మీద, అంటే మగవాడు మామూలు గొంతు దాటి పలచగా పైకి తీసే గొంతు. మా పార్టీలో ఆడగొంతుతో పాడే తమ్ముడొకడు ఉన్నాడు, డ్యూయెట్‌లో రెండు గొంతులూ తనే పాడేస్తాడు, మా వైపు జనానికి అది భలే సరదా. అతనికి వినిపించాను. కళ్లు మూసుకుని మొత్తం విని, “అన్నా, ఇతను పైకెళ్లేటప్పుడు గొంతు బిగించట్లేదు, గాలి వదిలేస్తున్నాడు, నేనైతే అక్కడ నొక్కుతాను” అన్నాడు. నాకు నచ్చినదేంటో ఆ ఒక్క ముక్కలో వచ్చేసింది. బలం చూపించడానికి పైకి వెళ్లడం కాదు అది, బరువు దించుకోవడానికి వెళ్లినట్టుంటుంది. ఆ మెత్తదనం వల్లే కింద డ్రమ్ములు ఎంత గట్టిగా కొట్టినా పాట మొత్తానికి సున్నితంగా ఉంటుంది. దీన్ని స్టేజి మీద మైకులో పాడటం మాత్రం చాలా కష్టం, గాలి గొంతుకి సౌండ్ పెంచితే ఫీడ్‌బ్యాక్ వచ్చి స్పీకర్లు కీచుమంటాయి, పెంచకపోతే డ్రమ్ముల కింద మునిగిపోతుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఆల్బమ్ రెండో సగానికి వచ్చేసరికి డ్రమ్ము శబ్దం మారదు, ఒకే స్నేర్ డ్రమ్ము, ఒకే గది ప్రతిధ్వని, ఒకే తరహా ఎత్తుకోవడం, పల్లవి రాగానే అన్నీ ఒక్కసారి తెరుచుకోవడం. విడివిడిగా ఏ పాట విన్నా బాగుంటుంది, వరసగా వింటే ‘హ్యూమన్ డిజైర్’కీ ‘ప్యారలల్ యూనివర్స్’కీ మధ్య గీత గీయడం కష్టం. ఇద్దరే కూర్చుని అన్నీ చేసుకుంటే వచ్చే ఇబ్బంది ఇది, మూడో మనిషి ఎవరైనా “ఈ పాటకి డ్రమ్ములే వద్దు” అని ఉంటే బాగుండేది. సాహిత్యం కూడా పలచనే. కానీ ‘ద పైపర్స్ సాంగ్’లో గొంతులు ఒకదాని పక్కన ఒకటి వచ్చి చేరే తీరు వింటే ఈ ఫిర్యాదులన్నీ పక్కన పెట్టేస్తారు. హార్మొనీ అంటే రెండు గొంతులు ఒకేసారి అరవడం అనుకునే మా మెలోడీ గాయకులందరికీ ఆ పాట పాఠంలా వినిపించాలని ఉంది నాకు.

2012లో వచ్చిన ‘ద లేట్ బ్లూ’కి పెద్ద కంపెనీ లేదు, సొంత లేబుల్ ఆల్సేషియన్ మ్యూజిక్ మీద తెచ్చుకున్నారు. చాలామంది దీన్ని మొదటి దానికన్నా తక్కువ అంటారు. నాకు అది సగమే నిజం అనిపిస్తుంది. పాటలు తక్కువ కాదు, వెలుతురు తక్కువ. మొదటి ఆల్బమ్‌లో అద్దంలా కనిపించిన పొరల మీద ఇక్కడ రివర్బ్ (పెద్ద హాల్లో వచ్చే ప్రతిధ్వనిలాంటి ఎఫెక్ట్) కుమ్మరించారు, గిటార్లు కరిగిపోయినట్టు, గొంతు పక్కగదిలోంచి వస్తున్నట్టు ఉంటుంది. ఫోన్ స్పీకర్లో వింటే ఏమీ అర్థం కాదు. ‘బ్లూమ్’ని నేను బరంపురం నుంచి వచ్చే రాత్రి బస్సులో ఇయర్‌ఫోన్లతో విన్నాను, అప్పుడు గానీ దాని సంగతి ఎక్కలేదు. ‘సారీ’లో మాత్రం పాత చురుకు ఉంది, మొదటి ఆల్బమ్ నచ్చినవాళ్లు అక్కడ మొదలుపెట్టి లోపలికి వెళ్తే సుఖం. కంపెనీ వాళ్లు పక్కన ఉండి ఉంటే ఆ రివర్బ్ తగ్గించమనేవాళ్లు, పాటలు ఇంకా అమ్ముడయ్యేవి కూడా కావచ్చు. అయినా తమకి కావలసిన రంగు తాము వేసుకున్నారు, ఆ ధైర్యానికి నా దండం.

‘వర్చువల్ ఐలండ్స్’ గురించి ఎక్కువ రాయను. నాలుగేళ్ల గ్యాప్ తర్వాత వచ్చింది, ‘ఇన్‌సైడ్ యువర్ మైండ్’ లాంటి పాటలో పనితనం ఉంది, చేయి తిరిగినవాళ్లు చేసిన పని అని ఇట్టే తెలుస్తుంది. కానీ మొదటి ఆల్బమ్‌లో ఉన్న ఆ తొందర, ఆ ఆకలి లేవు. పార్టీ విడిపోయే ముందు సీజన్‌లో వాయించే వాయింపు ఎలా ఉంటుందో నాకు తెలుసు, తప్పులు ఉండవు, కళ్లు కలవవు. ఇది నా చెవికి అలా వినిపించింది, మీకు వేరేలా వినిపిస్తే సంతోషమే.

ఇంత మంచి బ్యాండ్ ఎందుకు నిలబడలేదని మా వాళ్లు అడుగుతుంటారు. ఇక్కడ నాకు తోచిన లెక్క చెబుతాను. 2011 జనాభా లెక్కల్లో ఒక్క మా ఒడిశాలోనే దాదాపు 4.2 కోట్ల మంది, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 8.5 కోట్లు. అదే సమయానికి ఆస్ట్రేలియా దేశం మొత్తం కలిపి సుమారు 2.2 కోట్లు. అందులో ఇండీ పాటలు, అంటే పెద్ద పాప్ మార్కెట్‌కి పక్కగా నడిచే బ్యాండ్ల పాటలు, వినేవాళ్లు ఎందరు, టికెట్ కొని వచ్చేవాళ్లు ఎందరు? పైగా మెల్‌బోర్న్ నుంచి సిడ్నీ దాదాపు 900 కిలోమీటర్లు, పెర్త్ వెళ్లాలంటే రోడ్డు మీద 3,000 దాటిపోతుంది. మేము పర్లాకిమిడిలో సామాను బొలేరోలో వేసుకుంటే టెక్కలి, పలాస, శ్రీకాకుళం, రాయగడ అన్నీ ఒక్క పూట ప్రయాణంలోపే, వాయించుకుని తెల్లారేలోపు ఇంటికొచ్చేస్తాం, మధ్యలో ఎన్ని ఊళ్లున్నాయో అన్ని పందిళ్లు. అక్కడ పెద్ద ఊరికీ పెద్ద ఊరికీ మధ్య విమానం ఎక్కాల్సిందే. ఇద్దరే స్టూడియోలో పొరలుపొరలుగా కట్టిన పాటని స్టేజి మీద ఇద్దరే వాయించలేరు, మనుషుల్ని పెట్టుకోవాలి, వాళ్ల టికెట్లు, వాళ్ల బస, వాళ్ల డబ్బులు. అందుకే అక్కడి బ్యాండ్లు కాస్త పేరు రాగానే లండన్ వైపో అమెరికా వైపో చూస్తాయి.

అక్కడి కుర్రబ్యాండ్లకి ఒక పెద్ద ఆసరా మాత్రం ఉంది, ట్రిపుల్ జె. ప్రభుత్వ ప్రసార సంస్థ ఏబీసీ నడిపే కుర్రాళ్ల రేడియో, ప్రకటనలు ఉండవు, సినిమా పాటల దయాదాక్షిణ్యాల మీద బతకదు, కొత్త బ్యాండ్ల పాటలు వెతికి వేస్తుంది. 1975లో సిడ్నీలో మొదలై తర్వాత దేశమంతా పరుచుకుంది. జిప్సీ అండ్ ద క్యాట్ లాంటి ఇద్దరు మనుషుల బ్యాండ్ పాట ఒక్కసారిగా దేశమంతా వినబడటానికి దారి అదే. మా దగ్గర సొంతపాట చేసుకున్న కుర్రాడికి అలాంటి తలుపు ఏది? పర్లాకిమిడి నుంచి జయపురం దాకా ఎంతమంది చేతుల్లో ఎన్ని ట్యూన్లున్నాయో నాకు తెలుసు, అవన్నీ ఎవరో ఒకరి సినిమా పాట వెనకే మెలోడీ స్టేజీల మీద అరిగిపోతున్నాయి. మన ఆకాశవాణి కేంద్రాలు వారానికి ఒక్క గంట ఇలా కుర్రాళ్ల సొంత పాటలకి ఇస్తే ఎంత బాగుంటుందో అని మనస్ఫూర్తిగా అనిపిస్తుంది, తెలుగైనా ఒడియా అయినా సవర అయినా.

కొనే విషయానికి వస్తే, పాటలు ఫోన్‌లో మామూలు స్ట్రీమింగ్ యాప్‌లలో దొరుకుతున్నాయి, ముందు అక్కడ వినండి. నేను ‘గిల్గమేష్’ సీడీ కోసం ఆన్‌లైన్‌లో ఒక విదేశీ సెల్లర్ దగ్గర పాతది ఆర్డర్ పెట్టాను, డిస్కు కన్నా పోస్టు ఖర్చే ఎక్కువైంది, కేసు పగిలి వచ్చింది, లోపల డిస్కు మాత్రం గీత లేకుండా ఉంది. డబ్బులకి తగ్గదేనా అంటే, వాయించేవాళ్లకైతే తగ్గదే. సీడీని మంచి స్పీకర్ల మీద పెడితే ప్యాడ్‌లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నాయో తెలుస్తుంది, స్ట్రీమింగ్‌లో తక్కువ క్వాలిటీ పెట్టుకుంటే ఆ అంచులే ముందు పోతాయి. వినడానికి మాత్రమే కావాలంటే యాప్‌లో క్వాలిటీ సెట్టింగ్ పైకి పెట్టుకోండి చాలు. హెడ్‌ఫోన్లు జేబీఎల్, సోనీ ఏవైనా సరే బేస్ బూస్ట్ మాత్రం ఆపేయండి, వీళ్ల బేస్‌ని వాళ్లే కొలిచి పెట్టారు, మీరు పెంచితే గొంతు మునిగిపోతుంది.

వరస అడిగితే ‘జోనా వార్క్’తో మొదలుపెట్టండి, తర్వాత ‘టైమ్ టు వాండర్’, తర్వాత ‘ద పైపర్స్ సాంగ్’. ఈ మూడూ విన్నాక నచ్చితే మొత్తం ఆల్బమ్ వరసగా, నచ్చకపోతే ఈ బ్యాండ్ మీకు కాదు, పట్టుబట్టి వినక్కర్లేదు. కీబోర్డు నేర్చుకునేవాళ్లు మాత్రం నచ్చినా నచ్చకపోయినా ‘జోనా వార్క్’ని ఒక పొర తర్వాత ఒక పొర పట్టుకుని వాయించి చూడండి, ముందు బేస్, తర్వాత ముక్కల సింథ్, చివర్లో ప్యాడ్. మా పార్టీలో మైక్ చెక్ టైములో ‘టైమ్ టు వాండర్’ ట్యూన్ ఒట్టి కీబోర్డు మీద వాయిస్తుంటాను. మొన్న కాశీనగర్‌లో వాయిస్తే కాలేజీ పిల్లలిద్దరు స్టేజి దగ్గరికొచ్చి “అంకుల్, ఇది ఏ సినిమాలోది?” అని అడిగారు. సినిమాది కాదని చెప్పి బ్యాండ్ పేరు ఒకడి ఫోన్‌లో టైప్ చేసి ఇచ్చాను.